న్యాయం మీద ఆరు శనివారాలు: మా చర్చిలో పెట్టిన క్లాసుల గురించి

వచ్చే తపస్సుకాలంలో, అంటే ఈస్టరుకి ముందు వచ్చే ఉపవాస రోజుల్లో, ఈ క్లాసులు మళ్ళీ పెడితే తప్పకుండా వెళ్ళండి. ఇబ్బందులు కూడా ఉన్నాయి, అవీ దాచకుండా చెప్తాను.

నర్సాపురం దగ్గర మా ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్) చర్చి హాల్లో, న్యాయం అనే సుగుణం మీద ఆరు శనివారాలు, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా జరిగాయి. ఫీజు 200 రూపాయలు. జిరాక్స్ నోట్సు, టీ అందులోనే. మొదటిరోజు నలభై మంది దాకా వచ్చాం. ఆఖరికి పాతికమంది మిగిలాం. కతోలికులే రావాలన్న నియమం లేదు. లూథరన్ వాళ్ళు ఇద్దరు, పక్కవీధి హిందూ టీచరమ్మ ఒకరు ఆరు వారాలూ వచ్చారు. రొయ్యల చెరువుల వాళ్ళు, ఒక ధాన్యం కమీషన్ వ్యాపారి, ఆటో నడిపే అబ్బాయి, సఖినేటిపల్లి వైపు నుంచి పంటు (రేవు పడవ) మీద గోదావరి దాటి వచ్చే ఒక కుటుంబం, ఇలా అన్ని రకాల వాళ్ళం కూర్చున్నాం.

నా పని ఏమిటో చెప్తే ఈ క్లాసులు నాకెందుకు అంతగా పట్టాయో తెలుస్తుంది. నేను లేసు ఏజెంటుని. ఎక్స్‌పోర్టరు దగ్గర దారం, డిజైన్లు తెచ్చి మా చుట్టుపక్కల 22 మంది ఆడవాళ్ళకి ఇస్తాను. చేతిపని వాళ్ళు పువ్వులు అల్లుతారు, అతుకుపని వాళ్ళు వాటిని కలుపుతారు. నేను సరుకు పోగేసి, చూసి, పైకి ఇచ్చి, కూలి డబ్బులు తెచ్చి పంచుతాను. మా అత్తగారి చేతుల మీదుగా వచ్చిన పని. నేను చేయబట్టి పదకొండేళ్ళు.

పాఠం చెప్పింది ఒక పెద్ద ఫాదర్ గారు. సెమినరీలో, అంటే ఫాదర్లు కాబోయేవాళ్ళు చదివే చోట, చాలా ఏళ్ళు నీతిశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. గొంతు సన్నం, మైకు ఇంకా సన్నం. వెనక కూర్చుంటే సగం వినబడదు, ముందు వరసలో కూర్చోండి.

మొదటి శనివారం కొంచెం ఓపిక పట్టాలి. పునీత తోమాస్ అక్వినాసు ఎవరు, డొమినికన్ సభ అంటే ఏమిటి, ఆయన రాసిన సుమ్మా తియొలోజియే అనే పెద్ద గ్రంథం ఎన్ని భాగాలు, ఇదంతా ముప్పావుగంట సాగింది. బోర్డు నిండా లాటిన్ మాటలే. ఒకాయన మరి రెండో వారం రాలేదు, ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ చివరి అరగంటలో మొత్తం ఆరు వారాలకీ పునాది పడింది. 1274లో కన్నుమూసిన ఆ సన్యాసి ఆ గ్రంథంలో న్యాయానికి, దాని చుట్టూ ఉన్న సుగుణాలకి కలిపి ఏకంగా 66 ప్రశ్నలు (ఆ గ్రంథంలో అధ్యాయాల్లాంటివి) కేటాయించారట. న్యాయం అంటే ఎవరికి చెందింది వారికి ఇవ్వాలనే స్థిరమైన, ఎడతెగని సంకల్పం. ఈ నిర్వచనం రోమన్ న్యాయవాదుల నుంచి వచ్చిందనీ, తోమాస్ గారు దాన్ని తీసుకుని వివరించారనీ చెప్పారు. ఆ తర్వాత ఫాదర్ గారు అన్నది నేను పుస్తకంలో రాసుకున్నాను: "ధైర్యం, మితం నీలో ఎంతున్నాయో నీ మనసుని చూసి కొలవొచ్చు. న్యాయాన్ని అవతలివాడి చేతిలో ఎంత పడిందో చూసి కొలవాలి."

రెండో వారం న్యాయంలో మూడు రకాలు చెప్పారు. మనిషికీ మనిషికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడంలో ఉండేది ఒకటి. ఊరంతటిదీ, అందరిదీ అయినదాన్ని ఒక్కొక్కరికి పంచడంలో ఉండేది ఇంకొకటి. ఒక్కొక్కరూ అందరి మేలుకి చేయాల్సినది మూడోది. మొదటిదానిలో లెక్క సూటిగా ఉంటుంది, వంద తీసుకుంటే వంద ఇవ్వాలి, మనిషి ఎవరైనా సరే. రెండోదానిలో అందరికీ ఒకే వంతు ఇస్తే న్యాయం కాదు, ఎవరి స్థితిని బట్టి వారికి. ఇక్కడ ఫాదర్ గారు కాలవ నీళ్ళ ఉదాహరణ ఎత్తుకున్నారు, హాలంతా లేచి కూర్చుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి మన డెల్టాలో బతుకంతా పంపకమే కదా. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతుల వారీగా నీళ్ళు వదిలినప్పుడు ఎగువ రైతు తూము తెరిచి పెట్టేసుకుంటే శివారు చేను నెర్రెలు ఇస్తుంది. ఎగువ వాడు శివారు వాడి జేబులో చెయ్యి పెట్టలేదు, అయినా అతనిది తీసుకున్నాడు. ఇది చెప్పగానే రొయ్యల చెరువుల ఆయనకీ, ఒక వరి రైతుకీ కాలవలోకి ఉప్పునీళ్ళు వదిలే విషయంలో గట్టిగానే పడింది. ఫాదర్ గారు ఆపలేదు, పదిహేను నిమిషాలు వాళ్ళనే మాట్లాడనిచ్చారు. ఆ వారం నాకు బాగా నచ్చింది.

మూడో వారం అమ్మకాలు, కొనుగోళ్ళు. సరుకులో లోపం మూడు విధాలని తోమాస్ గారు అంటారు: అసలు వస్తువే వేరు కావడం, కొలత తప్పడం, గుణం చెడడం. దీనికి ఫాదర్ గారు పులసని తెచ్చారు. గోదావరికి వరదనీరు వచ్చినప్పుడు ఎదురీది వచ్చే చేపని కాకుండా సముద్రపు ఇలసని ఐసులో తెచ్చి పులస అని అమ్మితే మొదటి తప్పు. తూకంలో వేలు పెడితే రెండోది. నిన్నటి చేపని ఇవాళ్టిది అంటే మూడోది. తెలిసి అమ్మితే పాపం, తెలియక అమ్మినా తెలిసిన రోజున సరిచేయాలి. ఒంటికన్ను గుర్రం సంగతి కూడా చెప్పారు. లోపం కంటికి కనబడుతూ ఉండి, ధర కూడా దానికి తగ్గట్టు తగ్గిస్తే నోటితో చెప్పకపోయినా తప్పు లేదట. కనబడని లోపం మాత్రం చెప్పి తీరాలి.

ఇక్కడే నాకు ఒకటి మింగుడు పడలేదు. కరువు ఊరికి ఒక వర్తకుడు గోధుమలు తెచ్చాడు. వెనకాల ఇంకా చాలామంది గోధుమలు తెస్తున్నారని అతనికి తెలుసు. చెప్తే ధర పడిపోతుంది. చెప్పాలా వద్దా? చెప్పకపోయినా న్యాయం తప్పినట్టు కాదు, చెప్తే మాత్రం ఇంకా గొప్ప సుగుణం అని తోమాస్ గారి తీర్పు. నేను లేచి అడిగాను. పెద్ద ఆర్డరు వస్తోందని నాకు ముందే తెలిసి, ఆ సంగతి తెలియని ఇంకో ఏజెంటు దగ్గర సరుకు పాత ధరకి కొనేస్తే నేను మంచిదాన్నేనా అని. ఫాదర్ గారు, రేపటి ధర ఎవరి సొత్తూ కాదు కాబట్టి ఈరోజు ధర ఇచ్చినవాళ్ళు అప్పు పడరు అన్నారు. తర్కం అర్థమైంది, మనసు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు. కానీ ఆయన నన్ను కూర్చోమనలేదు, నా ప్రశ్న బోర్డు మీద రాసి పెట్టారు. అలాంటి క్లాసులు మాకు ఎక్కడ దొరుకుతాయి?

నాలుగో శనివారం గురించే నేను అసలు ఇదంతా రాస్తున్నాను.

ఆ రోజు కూలి, తిరిగి చెల్లించడం. బైబిల్లో తోబితు గ్రంథం నాలుగో అధ్యాయంలో తండ్రి కొడుక్కి చెప్పే మాట చదివించారు: నీకు పనిచేసిన వాడి కూలి రేపటిదాకా నీ దగ్గర ఉంచుకోకు. తర్వాత యాకోబు లేఖ, పొలం కోసిన వాళ్ళ కూలి బిగబడితే ఆ కూలే మొరపెడుతుందని. కూలివాడి సొమ్ము ఎగ్గొట్టడాన్ని శ్రీసభ సత్యోపదేశ గ్రంథం అన్న చేతిలో హతమైన హేబెలు రక్తంతో పాటు, ఆకాశానికి మొరపెట్టే పాపాల వరసలో పెట్టింది. నేను ఎక్స్‌పోర్టరు డబ్బులిచ్చాక ఇస్తాను. ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. ఆ రెండు నెలలూ నా ఇంట్లో పొయ్యి వెలిగింది కదా అని అక్కడే కూర్చుని అనుకున్నాను.

అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. దారం ఉండ మధ్యలో అట్టగొట్టం ఉంటుంది. నేను ఉండని గొట్టంతో సహా తూచి ఇస్తాను, ఆ బరువే పుస్తకంలో దారం కింద రాస్తాను. లేసు వెనక్కి వచ్చినప్పుడు గొట్టం ఉండదు కాబట్టి తూకం తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని తరుగు అని కూలిలో కోస్తాం. మా అత్తగారు అలాగే కోసేవారు, నేనూ కోశాను. ఆ శనివారం ఇంటికి వచ్చి ఖాళీ గొట్టం ఒకటి కాటా మీద పెట్టాను. 12 గ్రాములు చూపించింది. గ్రాముకి 80 పైసల లెక్కన దాదాపు పది రూపాయలు, ఉండకి పది రూపాయలు. మనిషికి నెలకి సగటున మూడు ఉండలు. నాకు ఈ సంగతి ఆ రోజే తెలిసిందని చెప్తే అబద్ధం. పనిలోకి వచ్చిన రెండో ఏడాదే తెలుసు.

మర్నాడు పూజ అయ్యాక ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. అత్తగారి కాలం నుంచి అలవాటండీ అన్నాను.

"అలవాటు ఎవరిదమ్మా? మీదా, వాళ్ళదా?"

ఇకనుంచి మానేస్తే సరిపోదా అన్నాను.

"మానేస్తే కొత్త అప్పు ఆగుతుంది. పాత అప్పు ఎక్కడికి పోతుంది?"

పోనీ ఆ మొత్తం చర్చి కానుకల పెట్టెలో వేసేస్తాను అన్నాను. ఆయన నోట్సులో పేజీ తీసి చూపించారు. సొమ్ము ఎవరిదో ఎంత వెతికినా దొరకనప్పుడే దాన్ని దానధర్మం కింద ఇవ్వాలని, చనిపోతే వారసులకి ఇవ్వాలని తోమాస్ గారు రాశారు. "మీ పుస్తకంలో పేర్లున్నాయి కదమ్మా. పేరున్న అప్పు దేవుడికి ఇస్తే ఎలా?" అన్నారు. సువార్తలో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇచ్చాడు కదా, నేనూ అంత ఇవ్వాలా అని అడిగితే, జక్కయ్య ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ ఇచ్చాడు, మీరు ముందు ఇవ్వాల్సింది ఇవ్వండి అన్నారు.

నాలుగేళ్ళ పుస్తకాలు ఉన్నాయి. మా అమ్మాయి, నేను మూడు రాత్రులు కూర్చుని ఉండలు లెక్కపెట్టాం. మొత్తం 31 వేల పైచిలుకు తేలింది. ఒకరు చనిపోయారు, మొగల్తూరులో ఉన్న కూతురికి ఇచ్చాను. ఇద్దరు హైదరాబాదు వెళ్ళిపోయారు, ఫోన్‌పే చేశాను. మిగతా వాళ్ళకి ఇంటింటికీ వెళ్ళి, ఎందుకిస్తున్నానో చెప్పి ఇచ్చాను. చాలామంది దండం పెట్టారు, అక్కా దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అన్నారు. ఒకావిడ మాత్రం దండం పెట్టలేదు. డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడి వేసుకుని, "అంతకు ముందు ఏళ్ళది?" అని అడిగింది. పుస్తకాలు లేవన్నాను. "నా లెక్క నా దగ్గరుంది" అంది. ఆవిడ చెప్పిన లెక్కే తీసుకున్నాను. ఆవిడ అడిగినందుకు మిగతా అందరికీ కూడా ముందటి ఏళ్ళకి ఒక అంచనా వేసి ఈస్టరు తర్వాత ఇవ్వాలని ఒప్పుకున్నాను.

ఇప్పుడు అయిదో వారం. ఇక్కడ నిర్వాహకుల మీద నా అసలు ఫిర్యాదు. న్యాయం చుట్టూ ఉండే సుగుణాలన్నీ, అంటే దైవభక్తి, తల్లిదండ్రుల పట్లా దేశం పట్లా భక్తి, పెద్దల పట్ల మన్నన, విధేయత, కృతజ్ఞత, సత్యం, స్నేహభావం, ఔదార్యం, అన్నీ ఒక్క సాయంత్రంలో కుక్కేశారు. తప్పు చేసినవాడికి తగిన శిక్ష ఇవ్వడం కూడా ఒక సుగుణమే అని అయిదు నిమిషాల్లో చెప్పి దాటేశారు. అది పూర్తిగా వివరించకపోతే పగకీ దానికీ తేడా తెలియక జనం పొరపాటు పడతారు. దీనికి కనీసం రెండు వారాలు ఇవ్వాలి. చివరి పంటు పోతుందని ఆ అవతలి ఒడ్డు కుటుంబం సగంలోనే లేచి వెళ్ళిపోయింది.

అయినా ఆ వారంలోనే నాకు బాగా పనికొచ్చిన మాట దొరికింది. ఈ సుగుణాలన్నీ న్యాయానికి చుట్టాలు ఎందుకంటే వీటన్నిటిలోనూ ఒక అప్పు ఉంది. కానీ కొన్నిటిలో ఆ అప్పు తీర్చలేనిది. అమ్మానాన్నలకి ఎంత చేసినా సరిసమానం కాదు. కొన్నిటిలో అది కోర్టులో అడగలేని అప్పు. కృతజ్ఞత అలాంటిది. చేసిన మేలుకి బదులు వెంటనే ఇవ్వాల్సిన పని లేదట, తగిన సమయం చూసి ఇవ్వాలి, పుచ్చుకున్నదానికంటే కొంచెం ఎక్కువే ఇవ్వాలి. హడావుడిగా తీర్చేసుకోవాలని చూసేవాడు అప్పుని ఇష్టంగా మోయడం లేదన్నమాట. నేను ఇక్కడ ఆగిపోయాను. కూలి వెంటనే ఇవ్వాలి, కృతజ్ఞత నెమ్మదిగా చూపించొచ్చు. నేను రెండూ తలకిందులు చేశాను. కూలి రెండు నెలలు ఆపి ఇచ్చేదాన్ని. ఇచ్చినరోజు వాళ్ళ దగ్గర దండాలు వెంటనే అందుకునేదాన్ని. పదకొండేళ్ళు, వాళ్ళ డబ్బు వాళ్ళకి ఇస్తూ, మంచి అక్క అనిపించుకున్నాను.

స్నేహభావం గురించి చెప్పింది కూడా చిన్నదేమీ కాదు. మనుషులు నిజం లేకుండా కలిసి బతకలేనట్టే సంతోషం లేకుండా కూడా కలిసి బతకలేరు, అందుకని ఎదుటివాళ్ళతో ఆదరంగా ఉండడం ఒక రకం బాకీ అని తోమాస్ గారి మాట. లేసు తెచ్చినవాళ్ళని నేను వరండాలో నిలబెట్టే సరుకు చూసేదాన్ని. ఒక్కొక్క పువ్వూ తిరగేసి చూడాలంటే అరగంట పడుతుంది. ఇప్పుడు కుర్చీలు వేశాను. కూర్చుంటే వాళ్ళు మాట్లాడతారు, ఏ డిజైనుకి కళ్ళు లాగుతాయో చెప్తారు. అంతకుముందు నాకు ఎవరూ చెప్పలేదు.

ఆరో వారం ఎపికేయా అనే గ్రీకు మాటతో మొదలైంది. చట్టం అక్షరం న్యాయానికే అడ్డొచ్చినప్పుడు అక్షరాన్ని పక్కనపెట్టి న్యాయాన్ని పట్టుకోవడం. మీ దగ్గర కత్తి దాచుకున్నవాడు పిచ్చెక్కి వచ్చి అడిగితే, దాచుకున్నది తిరిగి ఇవ్వాలన్న నియమం ఉన్నా ఇవ్వకూడదు. అందరూ తలూపారు. నాకు వెంటనే మా అతుకుపని చేసే ఒకమ్మాయి గుర్తొచ్చింది. శనివారం కూలి ఇస్తే ఇంట్లో ఆయన తాగుడికి లాక్కుంటాడు, సోమవారం దాకా మీ దగ్గరే ఉంచండక్కా అంటుంది. తోబితు మాట అక్షరాలా పాటిస్తే ఆమెకే నష్టం. ఆమె అడిగినంతవరకూ, ఆమె సంతకంతో, వేరే కవరులో ఉంచుతున్నాను. ఫాదర్ గారికి చెప్తే, కవరు మీద ఆమె పేరు రాయండి, మీ డబ్బుతో కలపకండి అన్నారు.

కూలి రేటు విషయంలో మాత్రం క్లాసు నాకు దారి చూపించలేదు. 1891లో పోపు పదమూడవ లియో గారు రాసిన రేరుం నోవారుం విశ్వలేఖ గురించి చెప్పారు. పనివాడు ఒప్పుకున్నాడు కదా అని ఎంత తక్కువైనా ఇవ్వడం న్యాయం కాదు, గతిలేక ఒప్పుకుంటే అది బలవంతమే, ఒప్పందం కంటే ముందు పుట్టిన న్యాయం ఒకటి ఉంది అని. నూటికి నూరుపాళ్ళు నిజం. మరి రేటు నా చేతిలో లేదు, ఎక్స్‌పోర్టరు చేతిలో ఉంది, ఆయన్ని అడిగితే విదేశాల వాళ్ళ ధర అంతే అంటారు. మన లేసుకి జీఐ గుర్తింపు (ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న సర్కారు ముద్ర) కూడా వచ్చింది, అల్లే చేతికి మాత్రం ఆ మేర అందలేదు. నా కమీషన్‌లోంచి కట్టకి 15 రూపాయలు తగ్గించుకుని కూలిలో కలిపాను. మధ్యలో ఉన్నవాళ్ళు ఇంకేం చేయొచ్చో చెప్పడానికి ఎవరైనా లెక్కలు తెలిసినవాళ్ళని కూడా ఆ రోజు పిలవాల్సింది.

నోట్సు బాగుంది, 48 పేజీలు, ప్రశ్నల నెంబర్లతో సహా ఇచ్చారు. అచ్చుతప్పులు ఉన్నాయి, మూడో వారంలో రెండు పేజీలు తారుమారయ్యాయి. టీ బాగుంది. దోమలు ఎక్కువ, నిండుగా బట్టలు వేసుకుని వెళ్ళండి. చిన్నపిల్లల్ని ఆడించడానికి ఎవరూ లేరు, అందుకే తల్లులు తక్కువ వచ్చారు.

టైము మార్చడం అన్నిటికంటే ముఖ్యం. శనివారం సాయంత్రం కూలి ఇచ్చేవాళ్ళకి వీలైంది, కూలి పుచ్చుకునేవాళ్ళకి కాదు. మా 22 మందిలో ఒక్కరు కూడా రాలేకపోయారు. మేం ఎవరికి బాకీ పడ్డామో వాళ్ళకే ఈ పాఠం అందలేదు. ఇది ఫాదర్ గారికి చెప్పాను. ఈస్టరు అయ్యాక మంగళవారాలు మధ్యాహ్నం, అన్నాలు తిన్న తర్వాత అల్లిక మొదలుపెట్టే వేళకి, మా ఇంటికే వచ్చి చెప్తానన్నారు. సూదులు ఆపక్కర్లేదు, అల్లుతూనే వినొచ్చు. నా వరండాలో పద్నాలుగు కుర్చీలున్నాయి. మిగతా ఎనిమిదీ పక్కింటి నుంచి తెస్తాను.